కోరంగి మడ అడవి దెయ్యపు ప్రేమకథకు ముఖచిత్రం: మూడు స్కెచ్‌లలో ఏది మేలు?

మడవేరు (ప్రశ్న):

అందరికీ నమస్కారమండీ. ఇంటర్ వయసు పిల్లల కోసం రాసిన దెయ్యపు ప్రేమ నవల ఒకటి అచ్చుకు సిద్ధమైంది. పేరు "ఉప్పునీటి వెన్నెల". కథ తాళ్ళరేవు, కోరంగి వైపు మడ అడవుల్లో ఇప్పటి కాలంలోనే నడుస్తుంది. నాయికకు పదిహేడేళ్ళు, ఇంటర్ రెండో ఏడు, పీతల వేటకెళ్ళే ఇంటి పిల్ల. అబ్బాయి 1839 నవంబరు తుఫానులో కోరంగి రేవులో ఓడతోపాటు మునిగిపోయిన పద్దెనిమిదేళ్ళ కళాసీ. పున్నమి పోటు వేళ మాత్రమే కనిపిస్తాడు, అదీ నీళ్ళలోనే.

పుస్తకం డెమ్మీ 1/8, 240 పేజీలు, లోపల 70 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) మ్యాప్‌లిథో కాగితం, 500 ప్రతులు. ఈ-బుక్ కూడా వస్తుంది. చిత్రకారుడు మూడు స్కెచ్‌లు ఇచ్చారు. మొదటిది: నల్లటి నేపథ్యం, పాలిపోయిన అమ్మాయి ముఖం, కళ్ళలో నీలం మెరుపు. రెండోది: పడవలో అమ్మాయీ అబ్బాయీ, వెనక పెద్ద చందమామ, రెండు పక్కలా కొబ్బరి చెట్లు. మూడోది: మడ వేళ్ళకు వేలాడదీసిన హరికేన్ లాంతరు, మనుషులు లేరు.

ఏది తీసుకోవాలి? రంగులు, తెలుగు అక్షరాలు, ప్రెస్సులో వచ్చే తప్పులు, ఏవి ముందే చూసుకోవాలో వివరంగా చెప్పండి.


లంకగాలి:

మూడోది తీసుకోండి. కానీ ఇప్పుడున్నట్టు కాదు, అందులో ప్రేమ లేదు. లాంతరు, వేళ్ళు మాత్రమే ఉంటే డిటెక్టివ్ నవల అనుకుంటారు.

ఈ రకం నవలల అట్ట మూడు సంగతులు చెప్పాలి: ఇది ప్రేమకథ, ఇందులో మనిషి కానివాడు ఒకడున్నాడు, ఇది పెద్దల భయానక కథ కాదు. ఈ మూడూ ఒక్క చూపులో చెప్పిన అట్ట 2005లో వచ్చిన ఇంగ్లీషు రక్తపిశాచి ప్రేమ నవల ట్వైలైట్‌ది. నల్లటి వెనకతలం, తెల్లటి రెండు చేతులు, దోసిట్లో ఎర్ర ఆపిల్. ముఖం లేదు, కోరలు లేవు, నెత్తురు లేదు. ఆ తర్వాత కొన్నేళ్ళపాటు ఇంగ్లీషు పుస్తకాల్లో నల్లట్ట మీద ఒక్క వస్తువు అనే పద్ధతి విపరీతంగా నడిచింది. పెద్ద గౌను వేసుకుని ముఖం తిప్పుకున్న అమ్మాయి ఫొటో ఇంకో దారి. ఇటీవల ఫొటోలు వెనక్కి తగ్గి బొమ్మలు గీయించడం పెరిగింది. మీ మొదటి స్కెచ్ ఆ పాత గాలిలోదే. అంతకన్నా పెద్ద ఇబ్బంది, ఆ పాలిపోయిన ముఖం మీ పిల్లది కాదు. ఎండలో పీతల బుట్ట మోసే పదిహేడేళ్ళ పిల్ల ఒంటి రంగు అట్ట మీద చామనఛాయగానే ఉండాలి. 2009లో అమెరికాలో ఒక యువ నవలకు నల్లజాతి కథానాయిక ఉండగా అట్ట మీద తెల్లమ్మాయి ఫొటో వేస్తే గట్టి విమర్శ వచ్చి, పుస్తకం బయటికి రాకముందే అట్ట మార్చారు. ఆ పొరపాటు మనం చేయకూడదు.

రెండో స్కెచ్ సినిమా పోస్టరు. రెండు ముఖాలు గీస్తే పాఠకురాలికి తన ఊహలో అబ్బాయిని దిద్దుకునే చోటు ఉండదు. పైగా ఫోనులో అంగుళం బొమ్మయ్యేసరికి రెండు ముఖాలూ చింతగింజలంత అవుతాయి.

నేనైతే ఇలా మార్పిస్తాను. అడ్డంగా నీటి గీత, అట్ట ఎత్తులో కింది నుంచి అయిదింట రెండో వంతు దగ్గర. పైనుంచి అమ్మాయి చెయ్యి కిందికి సాగుతుంది, మణికట్టుకు రెండు గాజులు. నీళ్ళలో దాని ప్రతిబింబం ఉండాల్సిన చోట అదే భంగిమలో ఇంకో చెయ్యి, మణికట్టుకు గాజులు లేవు, ఓడ తాడు ముడి ఉంది. మొదటి చూపుకి ప్రతిబింబం అనిపించాలి, రెండో చూపుకి ఒళ్ళు జలదరించాలి. ముఖాల కన్నా చేతులు చిన్న సైజులో బాగా తెలుస్తాయి.

చేతి వేళ్ళు నీటిని తాకకూడదు. తాకితే అల రేగి ప్రతిబింబం చెదిరిపోవాలి కదా, చూసేవాళ్ళకు ఎక్కడో తప్పుందని తెలిసిపోతుంది. అచ్చు సైజులో వేలికొనకూ నీటికీ మధ్య 5, 6 మి.మీ. ఎడం వదిలించండి. ఈ రకం కథల్లో ప్రాణమంతా ఆ అందని ఎడంలోనే ఉంది.


పోటుపాటు:

లంకగాలి గారి చేతుల ఆలోచన చాలా బాగుంది. ఒక్క మాట. మనవైపు నమ్మకంలో దెయ్యానికి నీడ ఉండదు, పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయి. నీళ్ళలో మాత్రమే కనిపించే దెయ్యం దానికి తిరగేసిన సూత్రం. కథలో ఆ సూత్రం మొదటి రెండు మూడు అధ్యాయాల్లోనే రావాలి, లేకపోతే అట్ట ఒక మాట, కథ ఒక మాట చెప్పినట్టవుతుంది.

ఇక బొమ్మలో ఊరి సంగతులు. ఇవి తప్పితే కాకినాడ, యానాం పిల్లలు మొదటి రోజే పట్టేస్తారు.

కోరంగికి సముద్రం తూర్పున. పున్నమి చంద్రుడు పొద్దుగుంకే వేళకి సముద్రం వైపు నుంచి లేస్తాడు. సూర్యుడు సముద్రంలో అస్తమించడం పడమటి తీరం బొమ్మ, ఫొటోల సైట్లలో దొరికేవి ఎక్కువగా అవే. కాబట్టి సముద్రం మీద నారింజ రంగు ఆకాశం వేస్తే అది తెల్లవారుజాము అవుతుంది, మీ పున్నమి రాత్రి కాదు. నిండు చంద్రుడు నీటి గీతకు దగ్గరగా ఉంటే సాయంత్రం, నడినెత్తిన ఉంటే అర్ధరాత్రి. ఎక్కడైనా నెలవంక వేయాల్సి వస్తే ఇంగ్లీషు సీ అక్షరంలా నిలబెట్టకండి. మన అక్షాంశంలో, ముఖ్యంగా మాఘ ఫాల్గుణాల్లో, అది పడవలా పడుకుని ఉంటుంది, అదీ పడమట.

పున్నమికి పోటు పెద్దది. పోటు నిండా ఉన్నప్పుడు మడ చెట్ల ఊపిరి వేళ్ళు నీటిలో మునిగిపోతాయి. మూడో స్కెచ్‌లో వేళ్ళన్నీ బయటికి కనిపిస్తున్నాయంటే అది ఆటు వేళ. ఆటు వేళ మీ అబ్బాయి రాడు! నీటి గీత పైన రెండో మూడో వేరు మొనలు తేలితే చాలు, మిగతావి నీళ్ళ లోపల మసకగా చూపించమనండి. పోటు వచ్చిందన్న సంగతి ఆ మునిగిన వేళ్ళే చెబుతాయి.

వేళ్ళ రూపం కూడా చూడండి. నల్లమడ, తెల్లమడ చెట్ల ఊపిరి వేళ్ళు బురదలోంచి పెన్సిళ్ళు గుచ్చినట్టు నిలువుగా లేస్తాయి. కోరంగిలో ఎక్కువ కనిపించేవి ఇవే. మాను నుంచి వంపు తిరిగి కాళ్ళలా దిగేవి ఉప్పు పొన్నవి. రెండూ ఒకే చెట్టుకు తగిలించకూడదు. కొబ్బరి వరస మడ బురదలో మొలవదు. కావాలంటే దూరంగా గట్టు మీద సన్నటి నల్ల గీతలా వేయండి, అసలు తీసేసినా నష్టం లేదు. కొబ్బరి చెట్టు పడితే కోనసీమ పర్యాటక పోస్టరు అయిపోతుంది, ఇది మడ కథ.

పడవ వేస్తే మనవైపు నావ వేయండి. పైన వెదురు గూడున్న కేరళ పడవ బొమ్మలు ఎక్కడ పడితే అక్కడ దొరుకుతాయి, అవి వద్దు.

లాంతరు సంగతి అన్నిటికన్నా ముఖ్యం. హరికేన్ లాంతరు కిరసనాయిలుది. కిరసనాయిలు వాడుకలోకి వచ్చింది 1850ల తర్వాతే. 1839లో పోయిన కళాసీ చేతిలో అది ఉండదు. ఓడ దీపం అంటే ఇత్తడి చట్రం, నాలుగు పక్కలా అద్దాలు, లోపల ఆముదమో కొబ్బరి నూనెతోనో వెలిగే వత్తి. మంట చిన్నది, పసుపు నారింజ కలిసిన రంగు. అమ్మాయి దగ్గరైతే టార్చి లైటే ఉంటుంది. అందుకని దీపం నీళ్ళ లోపల వెలుగుతున్నట్టు వేయిస్తే అది అతనిదని చెప్పనక్కరలేదు.

అబ్బాయి చెయ్యి భుజం దాకా కనిపిస్తే ఫ్రిల్లు చొక్కా తొడగకండి. కోరంగి ఓడల మీది తెలుగు కుర్రాడు ఐరోపా సముద్రపు దొంగలా ఉండడు. ఒట్టి చెయ్యి చాలు.


అట్టపని:

ప్రెస్సు సంగతులు చెబుతాను. ముందు కొలతలు.

డెమ్మీ 1/8 కోత తర్వాత 5.5 × 8.5 అంగుళాలు, అంటే సుమారు 140 × 216 మి.మీ. వెన్ను మందం పేజీలతో కాదు, ఆకులతో లెక్క: 240 పేజీలంటే 120 ఆకులు. 70 జీఎస్ఎం మ్యాప్‌లిథో ఆకు సుమారు 0.1 మి.మీ., కాబట్టి 12 మి.మీ. అదే జీఎస్ఎంలో ఉబ్బుగా ఉండే బుక్ ప్రింట్ కాగితం వేస్తే 0.12 దాకా పోయి వెన్ను 14 మి.మీ. దాటుతుంది. అందుకే జీఎస్ఎం చూసి లెక్క కట్టకండి. ప్రెస్సులో మీ పుస్తకానికి వాడబోయే కాగితమే 120 ఆకులు తీసుకుని, గట్టిగా నొక్కి, స్కేలు పెట్టి కొలవండి. చివరి ఫైలు ఆ తర్వాతే. వెన్ను 2 మి.మీ. తేడా వస్తే పేరు పక్కకి జారి ముందట్ట మీదికి ఎక్కుతుంది. 500 ప్రతులూ అలాగే వస్తాయి.

12 మి.మీ. వెన్ను అనుకుంటే పూర్తి అట్ట 140 + 12 + 140 = 292 మి.మీ. నాలుగు వైపులా 3 మి.మీ. బ్లీడ్ (కోతలో పోయే అంచు) కలిపితే 298 × 222. 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) దగ్గర 3520 × 2622 పిక్సెళ్ళు. చిత్రకారుణ్ణి దీనికన్నా 15 మి.మీ. ఎక్కువ అన్ని వైపులా గీయమనండి, ఎందుకో చివర్లో చెబుతాను. పేరు, రచయిత పేరు, వేలికొనలు, ఇవేవీ కోత అంచుకు 8 మి.మీ. కన్నా దగ్గరికి రాకూడదు.

వెన్ను మీద అక్షరాలు ఒక్కో అంచు నుంచి 1.5 మి.మీ. ఎడం వదిలి, వత్తులతో కలిపి 7 మి.మీ. ఎత్తు మించకుండా పెట్టండి. పుస్తకం ముఖం పైకి పెట్టి పడుకోబెడితే వెన్ను మీది పేరు తిన్నగా చదవగలగాలి. అంటే పై నుంచి కిందికి.

నలుపు. మీ అట్టలో సగం పైగా చీకటి. నాలుగు సిరాలకు నాలుగు ప్లేట్లు ఉంటాయి. ఒక్క నల్ల ప్లేటు 100 శాతం పెడితే అచ్చయ్యాక ముదురు బూడిదలా ఉంటుంది. సియాన్ (నీలి సిరా) 60, మెజెంటా (గులాబీ ఎరుపు సిరా) 40, ఎల్లో (పసుపు) 40, నలుపు 100 కలిపితే నిండు నలుపు వస్తుంది, మొత్తం సిరా 240 శాతం. 300 దాటనీయకండి. కొందరు నాలుగూ 100 పెడతారు. అంత సిరా మన తేమలో, అందులోనూ వానాకాలంలో, త్వరగా ఆరదు. ఆరకముందే లామినేషన్ చేస్తే (పైన ప్లాస్టిక్ పొర అంటిస్తే) ఫిల్మ్ కింద వెండి చుక్కల్లాంటి గాలి బుడగలు మిగులుతాయి, లేదా కొన్నాళ్ళకి అంచులు లేచిపోతాయి. షీట్లు పూర్తిగా ఆరాకే లామినేషన్‌కి పంపమని గట్టిగా చెప్పండి.

నిండు నలుపులో సన్నటి తెల్ల అక్షరాలు పెడితే ఇంకో చిక్కుంది. నాలుగు ప్లేట్లలో ఒకటి వెంట్రుకవాసి జరిగినా తెల్ల గీతలోకి రంగు చొరబడుతుంది. ఇంగ్లీషు అక్షరానికి పెద్దగా తెలియదు. మనకు వత్తుల్లో ఉండే చిన్న గుండ్రాలు పూడిపోయి 'న' వత్తుకూ 'స' వత్తుకూ తేడా తెలియకుండా పోతుంది. గీత మందం 0.35 మి.మీ. కన్నా తగ్గకూడదు. వెనకట్ట మీది కథా పరిచయం 12 పాయింట్ల కన్నా చిన్నది వద్దు. దాన్ని లేత రంగు పట్టీ మీద ఒట్టి నల్ల ప్లేటుతో వేయడం ఇంకా క్షేమం.

నీలం. స్క్రీను మీద మెరిసే నీలం వెన్నెల అచ్చులో రాదు. ఆర్‌జీబీ (స్క్రీను రంగుల పద్ధతి) నీలాన్ని సీఎంవైకేలోకి (నాలుగు సిరాల అచ్చు పద్ధతిలోకి) మారిస్తే ఊదాకు తిరుగుతుంది. ఎక్కడ నీలం కావాలో అక్కడ మెజెంటా సియాన్ కన్నా కనీసం 30 తక్కువ ఉండాలి, ఉదాహరణకు సియాన్ 95, మెజెంటా 60. వెలుగు అనిపించడానికి రంగు గాఢం చేయకండి, దాని చుట్టూ చీకటి పెంచండి. పోటుపాటు గారు చెప్పిన నీళ్ళ లోపలి ఆముదం దీపం ఇక్కడ అట్టని కాపాడుతుంది. మెజెంటా 40, ఎల్లో 85 దగ్గర ఉండే ఆ వెచ్చని రంగు అచ్చులో బాగా నిలబడుతుంది, పక్కనున్న నీలాన్ని కూడా చల్లగా చూపిస్తుంది. చిత్రకారుడు మొదటి నుంచీ సీఎంవైకే ప్రివ్యూ ఆన్ చేసుకుని గీస్తే చివర్లో ఏడవక్కర్లేదు.

అట్టకు 300 జీఎస్ఎం ఆర్ట్ కార్డ్, మ్యాట్ (మెరవని) లామినేషన్. మ్యాట్ ఫిల్మ్ రంగుల్ని కొంచెం మందగిస్తుంది కాబట్టి ప్రూఫు లామినేషన్ చేయించి చూడండి. ముదురు రంగు మ్యాట్ మీద వేలిముద్రలు, గీతలు బాగా కనబడతాయి, కట్టలు కట్టేటప్పుడు మధ్య మధ్య కాగితం వేయించాలి. నీటి గీత కింద మాత్రమే స్పాట్ యూవీ (కావలసిన చోట మాత్రమే వేసే మెరుపు పూత) వేయిస్తే నీళ్ళు తడిగా మెరుస్తాయి, పైన గాలి పొడిగా ఉంటుంది. ఈ బొమ్మకు దాని కన్నా మంచి ఖర్చు లేదు. కాకపోతే స్పాట్ యూవీ కూడా ఒకటి రెండు వెంట్రుకల వాసి జరుగుతుంది కాబట్టి సన్నటి గీతల మీద పెట్టకండి, పెద్ద తలం మీదే.

డెల్టా ఊళ్ళలో అట్టలు బయటికి వంకర తిరగడం అందరికీ తెలిసిందే. కారణం: అట్ట బయటి వైపు ప్లాస్టిక్ ఫిల్మ్ ఉంది, అది తేమ పీల్చదు. లోపలి వైపు ఉట్టి కాగితం, గాలిలో తేమ పీల్చి సాగుతుంది. సాగిన వైపు పొడవై అట్ట ఫిల్మ్ వైపుకి వంగుతుంది. కార్డు పీచు వెన్నుకు సమాంతరంగా ఉండేలా కోయించాలి, లేకపోతే వెన్ను మడత పగలడం కూడా తోడవుతుంది. బైండింగ్ అయ్యాక ఒక రోజంతా బరువు కింద ఉంచాలి. గాలి ఆడే నైలాన్ లే-ఫ్లాట్ ఫిల్మ్ దొరికితే అదే వాడండి.

500 ప్రతుల అట్టకు డిజిటల్ ప్రింటు (ప్లేట్లు లేకుండా టోనరు అనే పొడి సిరాతో వేసేది) చెబుతారు, పర్వాలేదు. కానీ టోనరు మడత దగ్గర పగులుతుంది. మడతకు ముందు క్రీజింగ్ (మడత గీతను ముందే నొక్కడం) చేయించడం, లామినేషన్‌కు ఎక్కువ అంటుకునే ఫిల్మ్ వాడించడం తప్పనిసరి.

ఐఎస్‌బీఎన్ (పుస్తకం గుర్తింపు సంఖ్య) బార్‌కోడ్ అసలు సైజు సుమారు 37 × 26 మి.మీ., 80 శాతం కన్నా తగ్గించకూడదు. తెల్ల పెట్టెలో ఒట్టి నలుపు. అందం కోసం ఎరుపు గీతలు పెడితే స్కానరుకు కనిపించవు.


ఒత్తక్షరం:

అక్షరాల గురించి ఎవరూ చెప్పలేదు. పాఠకులు మొదట చూసేది బొమ్మ కాదు, పేరు.

ఇంగ్లీషులో ఈ రకం పుస్తకాలకు సన్నగా పొడుగ్గా, కొనలు తీగల్లా సాగే అక్షరాలు వాడతారు. తెలుగుకు అది అతకదు. మన అక్షరం గుండ్రం, నిలువు కాళ్ళు లేవు, నిలువుగా లాగితే కోడిగుడ్డు ఆకారం వస్తుంది. అక్షరాల మధ్య ఎడం బాగా పెంచినా 'ఉ'కారపు కొమ్ములు అక్షరం నుంచి విడిపోయినట్టు కనిపిస్తాయి. తెలుగులో సొగసు గీత సన్నం లావుల్లోంచి రావాలి, సాగదీతలోంచి కాదు.

మీ పేరును రెండు వరసల్లో పెడతారనుకుంటాను: పైన "ఉప్పునీటి", కింద "వెన్నెల". రెండూ ఎడమ అంచుకు కలిపితే పై వరసలో 'ప్పు' కింద వేలాడే వత్తు, కింది వరసలో 'న్నె' మీది ఎత్వానికి సరిగ్గా గుద్దుకుంటుంది. అప్పుడు డీటీపీ వాళ్ళు వరసల మధ్య ఎడం పెంచేస్తారు, పేరు రెండు ముక్కలైపోతుంది. దానికి బదులు కింది వరసను కుడికి జరిపి 'వె'ను 'నీ' కిందికి తెండి. 'నీ', 'టి' రెండింటికీ కింద వత్తుల్లేవు. 'న్నె' హాయిగా 'టి' కింద సర్దుకుంటుంది, వరసలు దగ్గరికి వస్తాయి. ఎడమ పక్కన మిగిలిన ఖాళీలోకి 'ప్పు' కొమ్మును నీటి బొట్టులా జారనివ్వచ్చు. ఈ పేరుకు ఇంతకన్నా అలంకారం అక్కర్లేదు.

ఫాంటే వాడతానంటే గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, రవిప్రకాష్, ధూర్జటి, సురన్న, తిమ్మన లాంటివి ఉచిత లైసెన్సుతో ఉన్నాయి, పుస్తకం అట్టకు వాడుకోవచ్చు. చీకటి నేపథ్యంలో రామభద్ర లాంటి మందం నిలబడుతుంది. కానీ కుదిరితే పేరు చేత్తో రాయించండి. నరసాపురంలో 1933లో పుట్టిన బాపు గారు తెలుగు అట్టకు నేర్పింది ఇదే: పేరు కూడా బొమ్మలో భాగం. ఆయన అక్షరాలే ఫాంటుగా దొరుకుతాయి కదా అని ఆ ఫాంటు పెట్టేయకండి. పెళ్ళి శుభలేఖల మీద, కార్టూన్ల మీద వాడి వాడి జనానికి అది నవ్వు, సందడి గుర్తు చేస్తుంది. మీ కథకు కావలసింది వేరు.

సాఫ్ట్‌వేర్ చిక్కులు. పాత ఫొటోషాప్‌లో వత్తులు విడిపోయి పక్కన పడుతుంటే ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గర వరల్డ్-రెడీ లేఅవుట్ ఎంచుకోండి. ఇన్‌డిజైన్‌లో పారాగ్రాఫ్ మెనూలో వరల్డ్-రెడీ కంపోజర్. ఇంక్‌స్కేప్‌లో ఏ సర్దుబాటూ లేకుండా సరిగానే వస్తుంది. యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో కొట్టిన పరిచయాన్ని యూనికోడ్ ఫాంటులోకి కాపీ చేస్తే ఇంగ్లీషు అక్షరాల గజిబిజి వస్తుంది, మార్చే ఉపకరణంతో మార్చి మళ్ళీ ప్రూఫు చూడాలి. మార్పిడిలో ఎక్కువగా దెబ్బతినేవి పొల్లులూ, 'క్ష' లాంటి సంయుక్తాలూ.

ప్రెస్సుకు పంపే ముందు అక్షరాల్ని ఫాంటు అక్కర్లేని గీతలుగా, అంటే కర్వ్స్‌గా మారుస్తారు. కొన్ని తెలుగు ఫాంట్లలో గుడి, తలకట్టు అక్షరం మీద ఎక్కి ఉండే వేరే ముక్కలు. కర్వ్స్ చేసి కలిపితే ఎక్కిన చోట తెల్ల చిల్లు పడుతుంది, చుట్టూ గీత పెడితే అక్షరం లోపల కూడా గీత కనిపిస్తుంది. ముక్కల్ని యూనియన్ చేసి (ఒకే ఆకారంగా కలిపి), 400 శాతం పెద్దది చేసుకుని ఒక్కో అక్షరం చూడండి.

ఆఖరి పరీక్ష: అట్టని 100 పిక్సెళ్ళ వెడల్పుకు తగ్గించి, ఫోను చేతి దూరంలో పెట్టి చూడండి. 'న్నె' చదవగలిగితే సరే. లేకపోతే పేరు ఇంకా పెద్దది కావాలి, చెయ్యి బొమ్మ కొంచెం కిందికి జరగాలి.


నల్లసిరా:

హక్కుల మాట. చిత్రకారుడికి డబ్బిచ్చాం కాబట్టి బొమ్మ మనదే అనుకోకండి, కాగితం రాసుకోండి. మన కాపీరైటు చట్టం 1957లో 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి. ఎన్నాళ్ళకో రాయకపోతే అయిదేళ్ళనీ, ఎక్కడెక్కడో రాయకపోతే భారతదేశానికి మాత్రమేననీ అర్థం. మీకు ఈ-బుక్ ఉంది, అమెరికాలో తెలుగువాళ్ళు కొంటారు. కాబట్టి "ప్రపంచమంతటా, కాపీరైటు ఉన్నంతకాలం, అచ్చు, ఈ-బుక్, ఆడియో, ప్రచారం" అని నాలుగూ విడిగా రాయించండి. పొరలున్న అసలు ఫైలు ఇస్తారా లేదా అన్నదీ, ఎన్నిసార్లు దిద్దుతారన్నదీ అందులోనే ఉండాలి.

చేతుల కోసం ఫొటో తీసి దాని మీద గీస్తారా? మోడల్‌కు పద్దెనిమిదేళ్ళు నిండకపోతే తల్లిదండ్రుల సంతకం తీసుకోండి. స్టాక్ ఫొటో కొంటే సాధారణ లైసెన్సు లక్షల ప్రతుల దాకా సరిపోతుంది, అది సమస్య కాదు. అదే ఫొటో ఇంకో నవల మీద ఉండటమే సమస్య.

ఏఐ బొమ్మ వాడితే, అమెజాన్ ఈ-బుక్ వేదిక కిండిల్‌లో పుస్తకం పెట్టేటప్పుడు ఆ సంగతి చెప్పాలి, 2023 సెప్టెంబరు నుంచి అడుగుతున్నారు. పైగా అలాంటి బొమ్మల్లో మడ వేళ్ళూ, మనిషి వేళ్ళూ రెండూ నమ్మకూడనివే. ఈ అట్టలో ఉన్నవి ఆ రెండే.


మడవేరు:

అందరికీ దణ్ణాలండీ. చేతుల స్కెచ్ గీయమని పంపేశాను, దీపం నీళ్ళ లోపలికి వెళ్ళింది, కొబ్బరి చెట్లు పోయాయి. సూత్రం రెండో అధ్యాయంలోనే ఉంది, పోటుపాటు గారూ. రెండు సందేహాలు మిగిలాయి. అట్టపని గారు 15 మి.మీ. ఎక్కువ గీయమన్నది ఎందుకు? వెనకట్ట మీద "దెయ్యం" అన్న మాట వాడొచ్చా?


అట్టపని:

ఈ-బుక్ కోసం. మీ ముందట్ట ఎత్తు వెడల్పుల నిష్పత్తి 216 కి 140, అంటే 1.54. ఈ-బుక్ అట్టకు కిండిల్ అడిగేది 1.6, అంటే 1600 వెడల్పుకు 2560 ఎత్తు. అచ్చు అట్టనే పంపితే పక్కలు కోయాలి, గాజుల చెయ్యి అంచు పోతుంది. పైనా కిందా ఎక్కువ గీసి ఉంటే 140 వెడల్పుకు 224 ఎత్తు తీసుకుంటే సరిపోయింది, ఏదీ కోయక్కర్లేదు. ఆ ఎక్కువ భాగంలో పైన ఉట్టి ఆకాశం, కింద ఉట్టి నీళ్ళు ఉండాలి. ఈ-బుక్ ఫైలు మాత్రం సీఎంవైకేది పంపకండి, ఆర్‌జీబీలో విడిగా సేవ్ చేయించండి. అక్కడ నీలం కొంచెం మెరిసినా ఇబ్బంది లేదు.


లంకగాలి:

"దెయ్యం" వాడండి, దాచకండి. "ఆత్మ" అంటే భక్తి పుస్తకం ధ్వని వస్తుంది, "పిశాచం" అంటే పెద్దల భయానక కథ. దెయ్యం అన్న మాటలో మన పిల్లలకు భయమూ ఉంది, చనువూ ఉంది. పరిచయం 80 మాటలు దాటనీయకండి. మొదటి వాక్యంలో అమ్మాయి, రెండో వాక్యంలో పోటు, మూడో వాక్యంలో అతను. 1839 అన్న అంకె తప్పక ఉండాలి, దాన్ని చూసే కాకినాడ పిల్ల పుస్తకం తిరగేస్తుంది. చివర్లో ప్రశ్న పెట్టాలనిపిస్తుంది, వద్దు. ఆటు మొదలై నీరు దిగిపోతున్న చోట ఆపేయండి.